కుక్కల శస్త్రచికిత్సలో మత్తుమందుకు తోడుగా ఆక్యుపంక్చర్: ఎలా చేయాలి

"సూదులు పెడితే మత్తుమందు ఎంత తగ్గించవచ్చు?" ఈ ప్రశ్నను పశువైద్య విద్యార్థులు అడుగుతారు, కొత్తగా క్లినిక్ తెరిచిన వైద్యులు అడుగుతారు, పన్నెండేళ్ల లాబ్రడార్‌ను ఆపరేషన్ బల్ల ఎక్కించడానికి జంకుతున్న యజమానులూ అడుగుతారు. ప్రతిసారీ ఫోనులో ముక్కలు ముక్కలుగా చెప్పి, అందులో సగం మరిచిపోయి, మళ్లీ చెప్పడం కన్నా ఆడకుక్కకు గర్భసంచి, అండాశయాలు తీసే ఆపరేషన్‌ను ఉదాహరణగా తీసుకొని మొత్తం పద్ధతిని ఒకచోట రాయడం మేలనిపించింది.

నిజానికి ఈ ప్రశ్నే తలకిందులుగా ఉంది. సూదులు పెట్టాము కదా అని మందును ముందే తగ్గించకూడదు. మామూలు మోతాదుతోనే మొదలుపెట్టాలి. సూదులు పనిచేస్తే కుక్క తన ఊపిరిలోనూ, గుండె వేగంలోనూ, కనురెప్పలోనూ ఆ సంగతి చూపిస్తుంది. అప్పుడు ఆ గుర్తులను బట్టి కొద్దికొద్దిగా దించాలి. కింద రాసిన మెట్లన్నీ ఈ ఒక్క క్రమాన్ని తప్పకుండా ఉండడానికే.

ఇది రిజిస్టరైన పశువైద్యుల కోసం రాసినది. యజమానులు చదివితే తమ డాక్టరుగారిని ఏమేమి అడగాలో తెలుస్తుంది, అంతవరకే. ఇంట్లో ఎవరూ కుక్కకు సూదులు పెట్టకూడదు.

ఎంత ఆశించాలి

1970ల్లో చైనా నుంచి సూదులతోనే శస్త్రచికిత్స చేశారన్న వార్తలు ప్రపంచమంతా తిరిగాయి. ఆస్ట్రియాలో కోత్‌బావర్ అనే పశువైద్యుడు ఆవుల మీద అలాంటి ప్రయత్నాలు చేసి పేరు పొందాడు. ఆ కథలు విని సూదులు మత్తుమందుకు బదులని అనుకోకండి. సూది నొప్పి సంకేతాన్ని కొంత అణచగలదు గాని స్పృహను తీసివేయదు, కండరాలను వదులు చేయదు. కదలకుండా పడుకున్న జంతువు నొప్పి లేకుండా ఉన్నదనడానికి వీల్లేదు.

ఇక లెక్కలకు వస్తే, 2005లో అమెరికాలోని ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయం వారు కుక్కల్లో కొలిచి చూసినప్పుడు, సూదులకు విద్యుత్తు కలిపి ఉత్తేజపరిస్తే ఐసోఫ్లూరేన్ అనే పీల్చే మత్తుమందు అవసరం సుమారు 10 శాతం తగ్గింది. విద్యుత్తు లేకుండా ఉత్త సూదులు పెడితే చెప్పుకోదగ్గ తేడా రాలేదు. మత్తు వాయువు మోతాదును సరిచేసే మీ వేపరైజర్ డయల్ మీద ఆ 10 శాతం అంటే 2 దగ్గర ఉన్నదాన్ని 1.8కి దించడం. ఇంకా ఎక్కువ తగ్గిందని చెప్పిన పరిశోధనలూ ఉన్నాయి, కాని ప్రణాళిక వేసుకునేటప్పుడు ఈ చిన్న అంకెనే మనసులో పెట్టుకోండి.

నా అనుభవంలో అసలు లాభం ఆపరేషన్ తర్వాతే కనిపిస్తుంది. 2011లో ఇటలీలోని మిలాన్‌లో 12 ఆడకుక్కల మీద చేసిన చిన్న అధ్యయనంలో, విద్యుత్ సూదులు పొందిన కుక్కలకు 24 గంటల వరకు అదనపు నొప్పి మందు అవసరం రాలేదు, బ్యుటార్ఫనాల్ అనే నొప్పి మందు పొందిన వాటిలో కొన్నింటికి వచ్చింది. ఇక్కడ ఒక మాట చెప్పాలి: కుక్కలో బ్యుటార్ఫనాల్ ప్రభావం తక్కువసేపే ఉంటుంది, కాబట్టి పోటీకి నిలబెట్టిన మందే కాస్త బలహీనమైనది.

కారణం గురించి రెండే మాటలు. 2 హెర్ట్జ్ వంటి తక్కువ వేగపు విద్యుత్తు ఎండార్ఫిన్, ఎన్‌కెఫాలిన్‌లను, 100 హెర్ట్జ్ వంటి ఎక్కువ వేగం డైనార్ఫిన్‌ను విడుదల చేయిస్తుంది. అంటే శరీరం తన సొంత నల్లమందును తీసుకుంటుందన్నమాట. సంకేతం నరం గుండానే వెన్నుపాముకు చేరాలి. ఈ రెండు సంగతులు గుర్తుంటే కింద చెప్పబోయే పొరపాట్లలో సగం మీరే ఊహించగలరు.

కావలసినవి

- ఒక్కసారి వాడి పారేసే స్టెరైల్ ఆక్యుపంక్చర్ సూదులు: ముఖానికి, తలకు 0.20 మి.మీ. మందం, 13 లేదా 15 మి.మీ. పొడవు, కాళ్లకు 0.25 మి.మీ. మందం, 25 మి.మీ. పొడవు.
- బ్యాటరీతో నడిచే ఆక్యుపంక్చర్ స్టిమ్యులేటర్, దాని మొసలి క్లిప్పులు. గోడ ప్లగ్గుకు తగిలించి ఉన్న యంత్రాన్ని సూదులకు కలపకండి. ఫిజియోథెరపీలో చర్మానికి అతికించే ప్యాడ్లతో వాడే టెన్స్ యంత్రం దీనికి బదులు కాదు. అది చర్మాన్ని దాటించడానికి తయారైనది, నేరుగా సూదికి ఇస్తే తీవ్రత ఎక్కువైపోతుంది.
- 25 లేదా 26 గేజ్ ఇంజెక్షన్ సూదులు నాలుగైదు. అత్యవసరంలో ముక్కు కింద గుచ్చడానికి ఇవే మేలు. మత్తు బల్ల మీద, కంటికి ఎదురుగా, విడిగా ఉంచండి.
- మీరు మామూలుగా వాడే మత్తు సామగ్రి అంతా: ఐవీ క్యాన్యులా, శ్వాసనాళపు గొట్టం, ఆక్సిజన్, చేత్తో ఊపిరి అందించే అంబు బ్యాగ్, పల్స్ ఆక్సీమీటర్, అడ్రినలిన్, అట్రోపిన్, మీరు వాడిన మందులకు విరుగుళ్లు. సూదులు వచ్చాయి కదా అని ఇందులో ఏ ఒక్కటీ జాబితా నుంచి పోదు.
- కాగితపు టేపు, క్లిప్పర్, గడియారం, రాసుకోవడానికి మత్తు చార్టు.

ఎవరికి చేయకూడదు

మన ప్రాంతంలో గోమార్ల వల్ల వచ్చే ఎర్లీకియోసిస్ ఎక్కువ. ఆ కుక్కల్లో ప్లేట్‌లెట్లు పడిపోయి ఉంటాయి. ఆపరేషన్‌కు ముందు ప్లేట్‌లెట్ లెక్క ఎలాగూ చూడాలి, తక్కువగా ఉంటే ఆపరేషనే వాయిదా వేయాలి, సూదుల మాట తర్వాత. మూర్ఛ వచ్చే కుక్కకు, పేస్‌మేకర్ ఉన్న కుక్కకు విద్యుత్తు కలపకండి. పుండు, చీము, గడ్డ ఉన్నచోట సూది పెట్టకండి. చూలు కుక్కలో ఎస్‌పీ 6 అనే ఆక్యుపంక్చర్ బిందువును (సూది పెట్టే చోట్లకు ఇలా అక్షరాలు, అంకెలతో పేర్లు ఉంటాయి) వదిలేయడం ఆనవాయితీ, దాన్ని పాటించండి.

చేసే విధానం

1. ముందురోజే చార్టులో మీ మామూలు మోతాదులు రాసుకోండి. ఐసోఫ్లూరేన్ అయినా, జైలజీన్‌తో కలిపిన కెటమిన్ అయినా, మీ చేతికి అలవాటైన పద్ధతే వాడండి. కొత్త మందు, కొత్త సూది ఒకేరోజు మొదలుపెడితే తేడా దేని వల్ల వచ్చిందో ఎన్నటికీ తెలియదు.

2. కుక్కను నిశ్శబ్దంగా ఉన్న గదిలో, వీలైతే యజమాని పక్కనే ఉండగా, పది నిమిషాలు కూర్చోనివ్వండి. గుండె వేగం, ఊపిరి వేగం ఈ దశలోనే రాసుకోండి.

3. మొదట తల. రెండు కనుబొమల మధ్య, నడిగీత మీద ఉన్న బిందువు యిన్‌తాంగ్. రెండు చెవుల ముందు మొదళ్లను కలుపుతూ ఒక గీత ఊహించుకుంటే, అది నడినెత్తిని దాటే చోట వేలికి తగిలే చిన్న పల్లం జీవీ 20. రెండుచోట్లా సూదిని నిటారుగా కాక, చర్మం కింద వాలుగా, అర సెంటీమీటరుకు మించకుండా పెట్టండి. చాలా కుక్కలు అయిదారు నిమిషాల్లో తల వాల్చి, కళ్లు అరమోడ్పు చేస్తాయి. కొన్ని ఏమీ చేయవు. చివావా, పొమెరేనియన్ వంటి చిన్న జాతుల్లో నడినెత్తి ఎముక పూర్తిగా మూసుకోకుండా మెత్తగా ఉండిపోవచ్చు. సూది పెట్టేముందు వేలితో తడిమి చూడండి; మెత్తదనం తగిలితే జీవీ 20 జోలికి పోకండి, యిన్‌తాంగ్ ఒక్కటే చాలు.

4. తర్వాత వాంతి కోసం పీసీ 6. ముందుకాలి లోపలి వైపు, మణికట్టు మడత నుంచి మోచేతి వరకు ఉన్న దూరంలో ఆరో వంతు పైకి వెళితే, రెండు స్నాయువుల మధ్య సన్నని గాడి తగులుతుంది. సూది అర సెంటీమీటరు నుంచి ఒక సెంటీమీటరు లోపలికి పోతే చాలు. అక్కడే రక్తనాళం, నరం ఉంటాయి కాబట్టి కుక్క ఉలిక్కిపడి కాలు లాక్కుంటే కొంచెం వెనక్కి తీసి దిశ మార్చండి. క్యాన్యులా ఒక కాలికి, పీసీ 6 సూది రెండో కాలికి పెట్టుకుంటే చేతులకు అడ్డు రాదు.

ఈ సూది జైలజీన్ లేదా మార్ఫిన్ ఇంజెక్షన్‌కు ముందే, పదిహేను ఇరవై నిమిషాల ముందు పడాలి. జైలజీన్ ఇచ్చిన కొద్ది నిమిషాలకే కుక్క కక్కుకుంటుంది; కక్కుకున్నాక సూది పెట్టి లాభం లేదు. కుక్కల్లో ఈ బిందువు ఫలితాలు అన్నిచోట్లా ఒకేలా రాలేదు. వాంతి ఆపే మారోపిటెంట్ ఇంజెక్షన్ అందుబాటులో ఉంటే దాన్నే నమ్ముకోండి, పీసీ 6ను దానికి తోడుగా ఉంచండి.

5. ఇప్పుడు మత్తుకు ముందు ఇచ్చే మందు పూర్తి మోతాదులో ఇవ్వండి. కరిచే కుక్క, బెదిరిపోయిన వీధికుక్క అయితే 3, 4 మెట్లను వదిలేసి నేరుగా ఇక్కడి నుంచి మొదలుపెట్టండి. కుక్కను నలుగురు పట్టుకొని అణచిపెట్టి పెట్టిన సూది దాన్ని శాంతపరచదు.

6. కుక్క మందంగా అయ్యాక వెనుక కాళ్లు. ఆపరేషన్‌లో కుక్క వెల్లకిలా పడుకుంటుంది కాబట్టి వెన్ను మీది బిందువులు, అవి ఎంత మంచివైనా, మనకు పనికిరావు. సూది కింద నలిగి వంగిపోతుంది. కాళ్ల మీద రెండు బిందువులు వాడతాము. ఎస్‌టీ 36: మోకాలి కింద, కాలి ఎముక ముందు అంచుకు బయటి పక్కన ఉబ్బుగా ఉన్న కండరం నడుమ. మధ్యరకం కుక్కలో ఒకటి, ఒకటిన్నర సెంటీమీటర్ల లోతు. ఎస్‌పీ 6: కాలి లోపలి వైపు, మడమ దగ్గరి ఎముక బొడిపె నుంచి మోకాలి వరకు ఉన్న దూరంలో సుమారు నాలుగో వంతు పైన, ఎముక వెనుక అంచును ఆనుకొని. రెండు కాళ్లకూ పెట్టండి. వెనుక కాళ్లకు నాలుగు సూదులు. పెట్టిన సూదులన్నిటి సంఖ్యను చార్టులో రాయండి, ఇది మరవకండి.

7. ఒకే కాలి మీది రెండు సూదులకు ఒక జత తీగలు కలపండి. ముందుకాలి నుంచి ముందుకాలికి, ఛాతీకి అడ్డంగా, గుండె మీదుగా విద్యుత్తు పోయేటట్లు ఎప్పుడూ కలపవద్దు. 2, 100 హెర్ట్జ్ మారిమారి వచ్చే అమరిక ఎంచుకోండి. తీవ్రత సున్నా నుంచి మొదలుపెట్టి, సూది దగ్గర కండరం సన్నగా అదరడం కనిపించే వరకు పెంచి అక్కడ ఆపండి. కాలు మొత్తం ఎగిరిపడుతుంటే అది ఎక్కువ. స్పృహ ఉన్న కుక్క తీవ్రత ఎక్కువైతే తిరిగి చూస్తుంది, మూలుగుతుంది. మత్తులో ఉన్న కుక్క ఏమీ చెప్పలేదు కాబట్టి మీ కన్నే కొలబద్ద.

8. కోతకు ముందు కనీసం 20 నుంచి 30 నిమిషాలు యంత్రం నడవాలి. ఈ వ్యవధి గురించి ఎంత చెప్పినా తక్కువే, ఎందుకంటే తొందరలో మొదట బలయ్యేది ఇదే. క్లిప్పర్‌తో బొచ్చు తీయడం, స్పిరిట్, అయోడిన్ పూయడం, డ్రేప్ పరచడం ఈ సమయంలోనే జరిగిపోతాయి, కాబట్టి నిజంగా వృథా అయ్యే సమయం తక్కువ. కాళ్లు కట్టే తాడు సూదికి తగలకుండా మడమ కిందికి కట్టించండి. సూదుల మీద అడ్డంగా ఒక కాగితపు టేపు ముక్క వేయండి.

9. మామూలు పద్ధతిలో మత్తు ఎక్కించి, గొట్టం వేయండి. గొట్టం కట్టే గుడ్డ ముక్కను పై పెదవి మీదుగా చుట్టకుండా చెవుల వెనక్కి కట్టండి. ముక్కు కింది గాడి ఎప్పుడు అవసరపడుతుందో చెప్పలేము. ఐసోఫ్లూరేన్ మీ మామూలు అంకె మీదే పెట్టండి.

10. కోత పడింది. ఇప్పుడు డయల్ ముట్టుకోకండి. ఈ ఆపరేషన్‌లో నొప్పి గరిష్ఠమయ్యే క్షణం చర్మం కోసినప్పుడు కాదు, అండాశయాన్ని పైకి లాగి దాని కట్టును వదులు చేసేటప్పుడు. చూపుడువేలు లోపలికి పోయి ఆ బిగువైన తాడును తెంపేటప్పుడు మీ సహాయకుడి కళ్లు మానిటర్ మీద ఉండాలి. మొదటి అండాశయం లాగినప్పుడు గుండె వేగం, ఊపిరి పెద్దగా మారకుండా ఉంటే, దవడ వదులుగా ఉంటే, కనురెప్ప తాకినా మూయకపోతే, అప్పుడు డయల్‌ను 0.2 దించండి. అయిదు నిమిషాలు ఆగండి. రెండో అండాశయం దగ్గర మళ్లీ అదే పరీక్ష. గుండె వేగం ఐదో వంతు పెరిగినా, ఊపిరి గబగబా అయినా దించినదాన్ని వెంటనే తిరిగి ఎక్కించండి.

నేను మొదట్లో ఈ క్రమాన్ని తలకిందులు చేశాను. అంతకుముందు ఒక చోట విన్న ఉపన్యాసం తలకెక్కి, సూదులు పెట్టిన ధైర్యంతో డయల్‌ను కోతకు ముందే 1.5కి దించాను. చర్మం కోసినప్పుడు కుక్క కదలలేదు, నాకు గర్వం కూడా కలిగింది. అండాశయం లాగగానే ముందుకాళ్లు రెండూ ఈత కొట్టినట్టు కదిలాయి. ప్రాణాపాయం ఏమీ జరగలేదు గాని, ఆ కుక్క ఆ క్షణంలో నొప్పి పడింది, దానికి బాధ్యుడిని నేను.

11. గ్యాస్ లేకుండా జైలజీన్, కెటమిన్‌తో పనిచేసేవారికి దించడానికి డయల్ ఉండదు. మీరు చూడవలసింది రెండు: మొదటి అదనపు మోతాదు ఎన్నో నిమిషంలో అవసరమయింది, మొత్తం ఎన్నిసార్లు అవసరమయింది. గుర్తులు కనిపించినప్పుడే అదనపు మోతాదు ఇవ్వండి. "సూదులు ఉన్నాయి కదా, ఇంకో అయిదు నిమిషాలు ఆగుదాం" అనుకోకండి.

12. మోనోపోలార్ కాటరీ (విద్యుత్తుతో రక్తనాళాలను కాల్చి మూసే పరికరం) వాడే ముందు సూదుల తీగలు విప్పేయండి. కాటరీ విద్యుత్తు సూది గుండా దారి వెతుక్కుంటే అక్కడ చర్మం కాలుతుంది. ఈసీజీ తెర మీద గీతలు పిచ్చిగా కనిపిస్తే, కంగారుపడి మందు ఇచ్చే ముందు స్టిమ్యులేటర్‌ను ఒక్క క్షణం ఆపి చూడండి.

13. కుట్లు పూర్తయ్యే వరకు యంత్రం నడవనివ్వండి. తర్వాత సూదులు తీసి, లెక్కపెట్టి, చార్టులో రాసిన సంఖ్యతో సరిచూసి, సూదుల డబ్బాలో వేయండి. మెలాక్సికామ్ వంటి నొప్పి మందును మామూలుగానే ఇవ్వండి.

ఊపిరి ఆగితే: జీవీ 26

పైన చెప్పిన సూదులన్నీ నేర్చుకోకపోయినా ఫరవాలేదు, ఈ ఒక్కటీ నేర్చుకోండి. ఖర్చు ఒక ఇంజెక్షన్ సూది. 1979లో ఒక బ్రిటిష్ పశువైద్య పత్రికలో మత్తులో ఊపిరి ఆగిన జంతువుల అనుభవాలను కూర్చి ప్రచురించారు: గుండె ఆడుతూ ఊపిరి మాత్రమే ఆగిన వాటిలో ఫలితం చాలా బాగుంది, గుండె కూడా ఆగిపోయిన వాటిలో సగం కన్నా తక్కువే కోలుకున్నాయి. హేలోథేన్ మత్తులో ఉన్న కుక్కల్లో ఈ బిందువును ఉత్తేజపరిస్తే గుండె వేగం, గుండె పంపే రక్తం పెరుగుతాయని అంతకు ముందే చూపారు.

అ. మత్తు వాయువు ఆపండి, ఆక్సిజన్ పెంచండి, తొడ లోపలి నాడి చూడండి. గొట్టం సరిగ్గా ఉందా, మడత పడిందా చూడండి. ఇవి చేస్తున్న మనిషి వేరు, సూది పెట్టే మనిషి వేరు అయి ఉండాలి. మీరు ఒక్కరే ఉంటే మొదట ఊపిరి అందించండి.

ఆ. పై పెదవి మధ్య నిలువుగా దిగే గాడిలో, ముక్కు రంధ్రాల కింది అంచుకు సమానంగా, నడిగీత మీద 25 గేజ్ సూదిని నిటారుగా ఎముక తగిలే వరకు దించండి.

ఇ. పిట్ట గింజలు పొడిచినట్టు చిన్నచిన్నగా పైకీ కిందికీ ఆడిస్తూ, అటూ ఇటూ తిప్పండి. ఒక రక్తపు చుక్క రావడం మామూలే. ఊపిరి వస్తే సాధారణంగా కొద్ది సెకన్లలోనే మొదటి లోతైన శ్వాస కనిపిస్తుంది.

ఈ. నాడి లేకపోతే సూదిని వదిలేసి ఛాతీ నొక్కడం మొదలుపెట్టండి: నిమిషానికి 100 నుంచి 120 సార్లు, రెండేసి నిమిషాల విడతలుగా, నిమిషానికి 10 శ్వాసలతో. మూడో మనిషి ఉంటే అతడు సూది ఆడించవచ్చు. సూది కోసం నొక్కడం ఒక్క సెకను కూడా ఆగకూడదు.

సిజేరియన్‌లో పుట్టి ఊపిరి తీయని పిల్లలకూ ఇదే బిందువు, ఇంకా సన్నని సూదితో. కాని ముందు నోరు, ముక్కు శుభ్రం చేసి, పొడి తువ్వాలుతో గట్టిగా తుడిచి, ఆక్సిజన్ చూపించాలి. పిల్లను తలకిందులుగా పట్టుకొని ఊపే పాత అలవాటు మానండి. మెదడుకు దెబ్బ తగులుతుంది. తల్లికి మార్ఫిన్ జాతి మందు ఇచ్చి ఉంటే పిల్ల నాలుక కింద దాని విరుగుడైన నాలాక్సోన్ చుక్క వేయాలి.

తరచుగా జరిగే పొరపాట్లు

ఎపిడ్యూరల్ ఇచ్చి ఎస్‌టీ 36 పెట్టడం. నడుము దగ్గర లిగ్నోకెయిన్ ఇచ్చాక వెనుక కాలి నరం నుంచి వెన్నుపాముకు సంకేతమే వెళ్లదు. కాలు అదురుతుంటే చూడముచ్చటగా ఉంటుంది గాని, లోపల జరిగేది ఏమీ ఉండదు. బెల్‌ఫాస్ట్‌లో 1991లో మనుషుల మీద చేసిన పరీక్షలోనూ, పీసీ 6 బిందువు దగ్గర మరపు మందు ఇచ్చి సూది పెడితే వాంతి ఆపే గుణం పోయింది. ఎపిడ్యూరల్ మంచి పద్ధతి. అది ఇవ్వగలిగితే ఇవ్వండి, ఆ రోజు కాలి సూదులు మానేయండి.

నాలాక్సోన్ విషయం మరిచిపోవడం. మార్ఫిన్ ప్రభావం దించడానికి నాలాక్సోన్ ఇస్తే సూదులు తెచ్చిన ఉపశమనంలో చాలా భాగం దానితోపాటే పోతుంది. ఆ కుక్కకు వెంటనే వేరే నొప్పి మందు ఉండాలి.

ప్రోపోఫాల్ ఊపిరిని జీవీ 26 ఖాతాలో వేయడం. ప్రోపోఫాల్, థయోపెంటోన్ వేగంగా ఎక్కిస్తే కుక్క అరనిమిషమో, నిమిషమో ఊపిరి ఆపి, తనంతట తానే మళ్లీ తీస్తుంది. ఆ సమయంలో సూది పెట్టి "చూశారా" అనడం తేలిక. నేనూ అన్నవాడినే.

జీవీ 26 మీద సూదిని ఆపరేషన్ మధ్యలో ఊరికే పెట్టి ఉంచడం. అది గుండెను, ఊపిరిని లేపే బిందువు. లేపవలసిన అవసరం లేనప్పుడు లేపితే మానిటర్ మీద మత్తు తేలికైనట్టు కనిపించి, మీరు అనవసరంగా మందు పెంచుతారు.

మందు సూదిలోనే కలిపి తగ్గించడం. డెక్స్‌మెడిటమిడిన్ అనే మత్తు మందును జీవీ 20 దగ్గర చర్మం కింద ఇస్తే, అదే మోతాదు కండరానికి ఇచ్చినదానికన్నా మత్తు గాఢంగా వచ్చిందని కుక్కల్లో చేసిన పరీక్ష ఉంది. గుర్రాల్లో ఎసిప్రోమజీన్‌ను పదో వంతుకు తగ్గించి ఇలాగే వాడి చూశారు. ఇది పరీక్షలు, ఎక్స్‌రేలు వంటి చిన్న పనులకు ఆలోచించదగ్గది. పొట్ట కోసే ఆపరేషన్‌కు మీ మత్తును దీని మీద నిలబెట్టకండి.

యంత్రం లేనప్పుడు

ఉత్త సూదులు ఐసోఫ్లూరేన్‌ను తగ్గించలేదని పైన చెప్పాను, కాబట్టి యంత్రం లేకపోతే మందు తగ్గుతుందన్న ఆశ పెట్టుకోకండి. అయినా తల మీది సూదులతో కుక్క శాంతపడడం, జీవీ 26తో ఊపిరి రావడం యంత్రం లేకుండానే జరుగుతాయి. ఎస్‌టీ 36 దగ్గర పావు నుంచి అర మిల్లీలీటరు స్టెరైల్ సెలైన్ ఎక్కించే పద్ధతి కూడా ఉంది. ద్రవం నెమ్మదిగా ఇంకుతూ బిందువును నొక్కిపెడుతుంది, సూది ఊడుతుందన్న బెంగ ఉండదు. వరుసగా ముప్పై వీధికుక్కలకు చేసే కు.ని. శిబిరంలో మాత్రం అరగంట ఆగే పద్ధతిని పెట్టుకోవద్దు. అక్కడ జీవీ 26 కోసం జేబులో ఒక సూది, అంతే.

గేదెలు, ఆవులకు

నిలబెట్టి పక్కపొట్ట కోసే ఆపరేషన్లలో వెన్ను మీది బిందువులకు విద్యుత్తు ఇచ్చి చేసిన ఉదాహరణలు చైనాలోనూ, ఇతర దేశాల్లోనూ ఉన్నాయి. మన చేతిలో లిగ్నోకెయిన్‌తో వెన్ను పక్క నరాలను మరపించే పద్ధతి ఉండగా దాన్ని విడిచి ఇటు రావలసిన పని లేదని నా అభిప్రాయం. సూదులను ఆపరేషన్ తర్వాత మేత పట్టించడానికి దాచుకోండి.

పనిచేసిందో లేదో ఎలా తెలుసుకోవాలి

ఒక కుక్కను చూసి ఏమీ చెప్పలేరు. ఒకే రకం ఆపరేషన్, ఒకే మత్తు పద్ధతి, ఇంచుమించు ఒకే బరువు ఉన్న కుక్కల చార్టులను పక్కపక్కన పెట్టండి: పాత పది చార్టులు సూదులు లేనివి, కొత్త పది సూదులు పెట్టినవి. ప్రతి అయిదు నిమిషాలకు డయల్ అంకె, అండాశయం లాగిన క్షణంలో గుండె వేగం, గొట్టం తీసిన సమయం, తల ఎత్తిన సమయం, నిలబడిన సమయం, మొదటి అదనపు నొప్పి మందు ఎప్పుడు ఇచ్చారన్నది ఇందులో ఉండాలి. పాత చార్టుల్లో ఇవి లేకపోతే, ముందు సూదులు లేకుండా పది ఆపరేషన్లు సరిగ్గా రాసుకొని తర్వాత మొదలుపెట్టండి.

ఆపరేషన్ తర్వాత నొప్పిని గ్లాస్గో చిన్న పట్టికతో (కుక్క ప్రవర్తనను చూసి నొప్పికి అంకెలు వేసే పట్టిక) ఒకటి, రెండు, నాలుగు, ఆరు గంటలకు కొలవండి. 24కి 6 లేదా అంతకన్నా ఎక్కువ వస్తే నొప్పి మందు వెంటనే ఇవ్వాలి. కుక్క నడవలేని స్థితిలో ఉంటే 20కి 5. ఈ అంకెలు వేసే మనిషికి ఏ కుక్కకు సూదులు పెట్టారో తెలియకూడదు. ఇందుకు ఒక చిన్న ఉపాయం ఉంది: సూదులు పెట్టినా పెట్టకపోయినా అన్ని కుక్కలకూ మోకాలి కింద ఒకే కొలత బొచ్చు గొరిగి, ఒకే కాగితపు టేపు అతికించండి. మా దగ్గర పంజరాలు కడిగే అబ్బాయికి పట్టిక నేర్పించాము. గాయం పక్కన నొక్కినప్పుడు కుక్క తల తిప్పిందా, వేలు నాకిందా, పళ్లు చూపిందా అని అతడు రాసే మూడు మాటలు నేను రాసేవాటికన్నా నిజాయితీగా ఉంటాయి, ఎందుకంటే సూదులు పనిచేయాలన్న కోరిక అతడికి లేదు.

రెండు దొంతరల చార్టుల్లో తేడా కనిపించకపోతే ముందు బిందువులను అనుమానించకండి. కోతకు ముందు యంత్రం నడిచిన నిమిషాలు ఎన్నో చూడండి. చాలాసార్లు అక్కడ 30 బదులు 10 ఉంటుంది.